నొక్కి చూసిన చుక్క

సభకు అధ్యక్షత వహిస్తున్న మన ప్రిన్సిపాల్ ధనలక్ష్మి గారికీ, కొండ మీది టెలిస్కోపుని రెండు రోజులు వేరేవాళ్ళకి అప్పజెప్పి ఈ పొద్దున ఆమదాలవలసలో రైలు దిగిన ముఖ్య అతిథి ఉమాశంకర్ గారికీ, ముప్పై నాలుగేళ్ళు నాతోపాటు ఈ వరండాల్లో నడిచిన సహోద్యోగులకీ, నా క్లాసులో మెలకువగా ఉన్న విద్యార్థులకీ, ఉండలేకపోయిన విద్యార్థులకీ, మొదటి వరసలో కూర్చుని అప్పుడే గడియారం చూస్తున్న నా భార్య భాగ్యవతికీ, పేరుపేరునా నమస్కారం. (నవ్వులు)

భాగ్యం, నువ్వు గడియారం చూడక్కర్లేదు. ఇంట్లో ఎలాగూ నన్ను మాట్లాడనివ్వవు, ఇక్కడైనా మాట్లాడనీ. రేపట్నుంచి నాకు మైకు ఇచ్చేవాళ్ళు ఉండరు. (నవ్వులు)

ఇంతసేపూ పెద్దలు నా గురించి మాట్లాడుతూ ఉంటే తల వంచుకుని విన్నాను. వినగా వినగా ఎవరో చాలా మంచివాడు రిటైరవుతున్నాడే పాపం అనిపించింది. (నవ్వులు) ఈ ఎండల్లో శాలువా కప్పేరు, కప్పినవాళ్ళే జాలిపడి ఫ్యాను నావైపు తిప్పేరు, రెండిటికీ కృతజ్ఞుణ్ణి. ధనలక్ష్మి గారు సన్మాన పత్రం చదివేరు. ఎంతో చక్కని తెలుగులో రాసేరు. కానీ అందులో ఒక వాక్యం ఉంది. 'దూర నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలను ఫొటో తీసేటప్పుడు అసలు చుక్కనీ దొంగ చుక్కనీ వేరుచేసే పద్ధతిని మన శ్రీకాకుళంలో కూర్చుని కనుగొన్న సీతారామారావు గారు' అని. అందరూ చప్పట్లు కొట్టేరు. నేను మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

ఆ వాక్యం నిజం కాదు. ఆ పద్ధతి నాది కాదు. అది ఎవరిదో ఆ మనిషి ఈ హాల్లోనే ఉన్నారు. ఎనిమిదేళ్ళుగా అది నాదే అన్నట్టు తిరిగేను. ఈరోజు ఆ ఒక్క వాక్యం దిద్ది వెళ్దామని వచ్చేను, నాకు ఇంకో పని లేదు. అయితే పేరు ఊరికే చెప్పేస్తే మీకు దాని విలువ తెలీదు, కాబట్టి ముందు ఆ పద్ధతి ఏటో చెప్పాలి. కామర్స్ వాళ్ళు కంగారు పడకండి, సూత్రాలు రాయను. (నవ్వులు)

ఉమాశంకర్ గారితో నా పరిచయం పదమూడేళ్ళ కిందటిది. విశాఖపట్నంలో ఒక సదస్సుకి వచ్చేరు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇద్దరం ఒకే గిన్నెలో గోంగూర కోసం చెయ్యి పెట్టేం. అక్కడ మొదలైన స్నేహం. మన సూర్యుడి చుట్టూ తిరిగినట్టే వేరే నక్షత్రాల చుట్టూ కూడా గ్రహాలు తిరుగుతున్నాయనీ, వాటిని లెక్కల్లో పట్టుకోవడం వేరు, కళ్ళారా ఫొటోలో చూడడం వేరు అనీ, తన జట్టు ఆ రెండో పని మీద ఉందనీ చెప్పేరు. కొండ మీద టెలిస్కోపులో ఏ మార్పు చెయ్యాలన్నా ముందు కింద ఎక్కడో ఒక బల్ల మీద సరిచూసుకోవాలి. ఆ బల్ల మా కాలేజీలో పెడతాను అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో నాకు ఇప్పటికీ తెలీదు.

మన ఫిజిక్స్ బ్లాకులో విరిగిన కుర్చీలు పడేసే గది ఉండేది. గంగరాజు, నేనూ ఆ కుర్చీలు బయటికి మోసేం. గంగరాజు అంటే మీకందరికీ తెలుసు, మా ల్యాబ్ అసిస్టెంటు, అదిగో తలుపు దగ్గర నిలబడ్డాడు, కూర్చోమంటే కూర్చోడు. వెలుగుతో పనిచేసే బల్ల వెంట్రుక వాసి కూడా కదలకూడదు. బయట రోడ్డు మీద బస్సు వెళ్తే మా బల్ల మీద నక్షత్రం వణికిపోయేది. అలా కదలని బల్లలు విదేశాల్లో దొరుకుతాయి, మా ప్రాజెక్టుకి వచ్చే అవకాశం లేదు. గంగరాజు టైర్ల షాపుకి వెళ్ళి నాలుగు లారీ ట్యూబులు తెచ్చేడు. వాటిలో కొద్దిగా గాలి నింపి, పైన పెద్ద చెక్కపెట్టె పెట్టి, దానినిండా నాగావళి ఇసుక పోసి, ఇసుక మీద ఇనప పలక పరిచేం. బస్సు వెళ్ళినా నక్షత్రం కదల్లేదు. ఉమాశంకర్ గారు వచ్చి ఆ బల్ల కింద వంగి, లారీ ట్యూబులు ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టేరు. (నవ్వులు)

ఇప్పుడు అసలు సంగతి. నక్షత్రం వెలుగు ఇంత దూరం వచ్చేసరికి, ఇస్త్రీ చేసిన బట్టలా సాఫీగా, ముడత లేకుండా వస్తుంది. దాన్నే మేము తరంగాగ్రం అంటాం. ఆ వచ్చినది మన గాలిలోకి దిగగానే నలిగిపోతుంది. నలిగిన వెలుగుతో ఫొటో తీస్తే నక్షత్రం అలుక్కుపోతుంది. అందుకని టెలిస్కోపులో ఒక సెన్సరు పెడతాం, ముడతలు ఎక్కడ ఎంత ఉన్నాయో అది కొలుస్తుంది. దాని ముందు ఒక పల్చటి వంగే అద్దం ఉంటుంది, వెనకనుంచి చిన్నచిన్న పుల్లలు దాన్ని తోస్తూ ఉంటాయి. సెన్సరు చెప్పినట్టల్లా ఆ అద్దం వంగి, సెకనుకి కొన్ని వందలసార్లు ముడతలు సరిచేస్తుంది. అంతవరకు బాగానే ఉంది. కానీ గ్రహం వెలుగు నక్షత్రం వెలుగులో కోటోవంతు కూడా ఉండదు. నక్షత్రానికి అడ్డు పెట్టి కప్పేసినా, సరికాని ముడత ఎక్కడో పిసరంత మిగిలిపోతే, ఆ మిగిలిన వెలుగు ఒక చుక్కగా కనిపిస్తుంది. అది అచ్చం గ్రహంలాగే ఉంటుంది. దాన్ని మేము దొంగ చుక్క అనేవాళ్ళం.

మా నాన్నగారిది ఆమదాలవలసలో వడ్ల కొట్టు. స్టేషన్ రోడ్డులో ఉండేది, పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. బస్తా దిగగానే ఆయన ఒక ఇనప గొట్టం అందులోకి గుచ్చి గుప్పెడు గింజలు లాగేవారు. అరచేతిలో రుద్ది, పొట్టు ఊది, ఒక గింజ కొరికి చూసి, బస్తా మొత్తం ఎలాంటిదో చెప్పేసేవారు. ఏ రోజూ తప్పు పోలేదు. నేను ఆ కొట్లో బస్తాల మీద కూర్చుని ఎక్కాలు చదువుకున్నవాణ్ణి. శాంపిలు బాగుంటే సరుకు బాగున్నట్టే అన్నది నాకు ఎవరూ నేర్పక్కర్లేకుండానే వచ్చేసింది. టెలిస్కోపులో కూడా అంతే చేస్తాం. వచ్చిన వెలుగుని ఒక గాజుపలక దగ్గర రెండు దారులుగా చీలుస్తాం. కొంత సెన్సరుకి, మిగతాది కెమెరాకి. సెన్సరు దగ్గర ముడతలు లేవంటే కెమెరా దగ్గరా లేనట్టే. నేను ఆ గాజుపలకలో మా నాన్నగారి గొట్టాన్ని చూసుకున్నాను, ఎంతో ముచ్చటపడి ల్యాబులో అందరికీ ఆ పోలికే చెప్పేవాణ్ణి.

రెండు వేల పదహారులో కొండ మీదనుంచి ఒక నక్షత్రం ఫొటోలు వచ్చేయి. నక్షత్రానికి బాగా దగ్గరగా ఒక చుక్క. వారం తరవాత మళ్ళీ వచ్చేయి, చుక్క అక్కడే ఉంది. మూడు నెలలు అలా ఉంది. ఆకాశం తిరిగేకొద్దీ ఫొటోలో గ్రహం తిరగాలి, దొంగ చుక్క నిలబడి ఉండాలి అని ఒక పరీక్ష ఉంది, కానీ నక్షత్రానికి అంత దగ్గరలో ఆ తిరుగుడు కంటికి ఆనదు. సెన్సరు లెక్కలన్నీ నేనే చూసేను. ఎక్కడా ముడత లేదు. ఇంకేటి, గ్రహమే అన్నాను. ఉమాశంకర్ గారు ఇంకా ఆలోచిస్తున్నారు, నేను మాత్రం ఇంటికి వెళ్ళి చెప్పేసేను. భాగ్యవతి ఆ సాయంత్రమే వీధి మొత్తానికి లడ్డూలు పంచింది. లేని గ్రహానికి లడ్డూలు పంచిన ఇల్లు ఈ జిల్లాలో మాదొక్కటే అయ్యుంటుంది. (నవ్వులు) భాగ్యం, నీ తప్పేం లేదు, నాదే.

అప్పుడు మా ల్యాబులో రాణి పనిచేసేది. నేను చెప్పదలచుకున్న పేరు అదే. రాణి కళింగపట్నం అమ్మాయి. వాళ్ళ నాన్న సముద్రం మీదికి చేపల వేటకి వెళ్ళేవాడు, వాళ్ళమ్మ జగ్గమ్మ గారు చేపల తట్ట పట్టుకుని మన శ్రీకాకుళం బజారుకి వచ్చేవారు, ఇప్పటికీ వస్తున్నారు. రాణి ఇక్కడే డిగ్రీ చదివి, ఎమ్మెస్సీ చేసి, మా ప్రాజెక్టులో చేరింది. అద్దాలు తుడవడం, రీడింగులు తీసుకోవడం, నేను చెప్పింది చెయ్యడం. ఎక్కువ మాట్లాడేది కాదు. ఆ చుక్క వచ్చిన దగ్గర్నుంచీ మాత్రం ఫొటోల ముందు నిలబడి చూస్తూ ఉండేది.

ఒక మధ్యాహ్నం మా ల్యాబు చూడ్డానికి ఎక్కడెక్కడినుంచో కమిటీ వాళ్ళు వచ్చేరు, ఆరుగురు. నేను కోటు వేసుకుని ఆ చుక్కని చూపిస్తూ గొప్పగా చెప్తున్నాను. రాణి పక్కనే ఉంది. నెమ్మదిగా అంది, ఆ మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. "సార్, గాజు దాటినాక రెండు దారులూ వేరు గదా. సుక్క కెమెరా దారిలో పుడితే సెన్సరుకెలా తెలుస్తాది? వడ్లకి శాంపిలు సాలు సార్. సేపకి శాంపిలు ఉండదు. ఏ సేప కొంటామో ఆ సేపనే నొక్కి సూడాల." అని, ఇంకా చెప్పబోయింది. అద్దాన్ని మనమే కావాలని ఇంత అని తెలిసిన ముడత పెడదామనీ, అలా పెట్టినప్పుడు ఆ చుక్క ఎలా మారుతుందో కెమెరాలోనే చూద్దామనీ మొదలుపెట్టింది.

నేను పూర్తి చెయ్యనివ్వలేదు. 'ఇది లేబొరేటరీ రాణీ, చేపల బజారు కాదు' అన్నాను.

కమిటీలో ఒకాయన నవ్వేరు. ఆయన నవ్వితే నేను కూడా నవ్వేను.

రాణి ఏడవలేదు. తను మొదలుపెట్టిన రీడింగులు ఇంకా పన్నెండు రోజుల పనుంది, ఆ పన్నెండు రోజులూ వచ్చి అది పూర్తిచేసి, ఇంక రాను సార్ అని చెప్పి వెళ్ళిపోయింది. ఎందుకని నేను అడగలేదు. వెళ్తూ వెళ్తూ గంగరాజు చేతిలో ఒక నోటుబుక్కు పెట్టింది. అందులో పద్నాలుగు పేజీలు ఉన్నాయి. ఏ పుల్లని ఎంత తొయ్యాలి, ఏ వరసలో తొయ్యాలి, ఎన్ని ఫొటోలు తియ్యాలి, ఒకదాంట్లోంచి ఒకటి ఎలా తీసెయ్యాలి, అన్నీ రాసి పెట్టింది. నేను దాన్ని సొరుగులో పడేసేను.

నెల తరవాత ఉమాశంకర్ గారి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఇది గ్రహమేనని మీరు సంతకం చేసి పంపితే మేము ప్రపంచానికి చెప్తాం అని. సంతకం పెట్టడానికి పెన్ను తీసేను. గంగరాజు బల్ల తుడుస్తూ, నావైపు చూడకుండా, ఆ పిల్ల సెప్పింది ఒకపాలి సేసి సూస్తే ఏటి పోతాది సార్, అద్దం మనదే, కరెంటు కాలేజీది అన్నాడు. (నవ్వులు) అందరూ నవ్వుతున్నారు గానీ, ఆ రోజు ఆ మాట అనకపోయి ఉంటే నేను ఈ సభలో ఈ శాలువాతో ఉండేవాణ్ణి కాదు.

సొరుగులోంచి నోటుబుక్కు తీసి, ఆ పేజీల ప్రకారం మా ఇసుకబల్ల మీద చేసి చూసేం. ఒక పక్క మేమే పెట్టిన దొంగ చుక్క, ఇంకో పక్క మేమే పెట్టిన ఉత్తుత్తి గ్రహం, రెండూ చూడ్డానికి ఒకేలా ఉన్నాయి. అద్దాన్ని రాణి రాసినట్టు తోసేం. దొంగ చుక్క నక్షత్రం వెలుగులో మిగిలిన ముక్క కదా, మనం కొత్తగా పెట్టిన ముడతలోంచి వచ్చిన వెలుగు దానితో కలుస్తుంది, ఒకసారి ప్రకాశిస్తుంది, ఇంకోసారి మసకబారుతుంది. గ్రహం వెలుగు వేరే చోటునుంచి వచ్చింది, దానికీ దీనికీ సంబంధం లేదు, అది ఉలకలేదు, పలకలేదు. పావుగంటలో తేలిపోయింది. ఆ పేజీల్లో ఉన్నదంతా ఉమాశంకర్ గారికి పంపేను. ఆయన కొండ మీద చేసి చూసేరు. మూడు నెలలుగా మమ్మల్ని ఊరించిన చుక్క, అద్దాన్ని తోసినప్పుడల్లా పెరిగింది, తగ్గింది. కెమెరా దారిలో ఒక కటకం దాని చట్రంలో కొద్దిగా పక్కకి జరిగి ఉందట, సెన్సరు దారిలో అది లేనే లేదు. గ్రహం లేదు. మా పరువు మాత్రం దక్కింది.

ప్రపంచంలో ఇంకా చాలామంది ఇలాంటి దారుల్లోనే ఆలోచిస్తున్నారని తరవాత చదివేను. రాణి అందరికంటే ముందు కనిపెట్టిందని నేను చెప్పను. మా బల్ల మీద, మా టెలిస్కోపుకి, దాన్ని ఎలా చెయ్యాలో ఎవరూ చెప్పకుండా తనంతట తాను ఆలోచించి రాసింది రాణి. అది నిజం.

ఇక్కడివరకూ చెప్పడం తేలికే. ఇకమీదటిది చెప్పడానికే రాత్రి కాగితం మీద రాసుకుని, పొద్దున చింపేసేను.

పద్ధతి మీద వ్యాసం రాయాలనుకున్నాను. రాస్తూ ఉంటే ఈ అమ్మాయికి ఇది ఎలా తట్టిందో అర్థం కాలేదు. మా ఇంట్లోకి చేప రాదు. నొక్కి చూడ్డమంటే ఏటో నాకు తెలీదు. గంగరాజుని అడిగితే, రండి సార్ చూపిస్తాను అని ఒక ఆదివారం పొద్దున నన్ను చేపల బజారుకి తీసుకెళ్ళేడు. యాభై నాలుగేళ్ళ వయసులో మొదటిసారి వెళ్ళేను, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని. గంగరాజు నన్ను నేరుగా ఒకావిడ దగ్గరికి తీసుకెళ్ళి నిలబెట్టేడు. ఆవిడ ఒక చేపని నా ముందు పెట్టి, నా బొటనవేలు పట్టుకుని దాని మీద పెట్టేరు. భయపడకు బాబూ, కరవదు అన్నారు. (నవ్వులు) నొక్కి వదిలేను. కండ వెంటనే లేచి వచ్చింది. ఇంకో చేప పెట్టేరు. నొక్కితే గుంట అలాగే ఉండిపోయింది. ఇది నిన్నటిది, కళ్ళు సూస్తే కొత్తదానిలాగే ఉంటాది, వేలికి దొరికిపోతాది అన్నారు. నాకు ముప్పై ఏళ్ళ ఫిజిక్సులో ఎవరూ అంత సులువుగా పాఠం చెప్పలేదు.

గంగరాజు నా గురించి చెప్పేడు, కాలేజీలో సారని. ఆవిడ మొహం విప్పారింది. వాళ్ళమ్మాయి ఆ కాలేజీలోనే అద్దాల దగ్గర పనిచేసిందనీ, ఇప్పుడు మానేసి ఇంట్లో ఉందనీ, అడిగితే ఏమీ చెప్పదనీ అన్నారు. అక్కడేటి సేసేదో నీకు తెలుసా బాబూ అని అడిగేరు.

ఆవిడ జగ్గమ్మ గారు. వ్యాసం అప్పటికి నా సంచీలోనే ఉంది. పేర్లు రాసే వరసలో ఇంకా జాగా ఉంది. నేను, చాలామంది పిల్లలు వస్తారమ్మా అని చెప్పి, రుమాలు మళ్ళీ ముక్కుకి పెట్టుకుని వచ్చేసేను.

సోమవారం వ్యాసం పంపేను. నా పేరు, ఉమాశంకర్ గారి పేరు. చివర్లో కృతజ్ఞతల్లో 'ల్యాబు సిబ్బందికి' అని రాసేను. ఉమాశంకర్ గారికి నేను చెప్పలేదు, పద్నాలుగు పేజీలూ నా చేతిరాతలోకి మార్చి పంపేను కాబట్టి ఆయనకి తెలిసే దారి లేదు. ఆయన్ని ఎవరూ తప్పు పట్టొద్దు. నాకు నేను చెప్పుకున్నది ఏటంటే, ఆ అమ్మాయి ఒక మాట అంది, లెక్క కట్టి ఋజువు చేసింది నేను కదా అని. మనిషి తనకి తాను చెప్పుకునేటప్పుడు ఎంత బాగా వాదిస్తాడో. మీలో ప్లీడర్లు ఉన్నారు, మీకు తెలుసు. (నవ్వులు)

ఆ వ్యాసం పేరు తెచ్చింది. ఆ పద్ధతికి నా పేరే పెట్టేరు. రెండు పతకాలు వచ్చేయి, మన కాలేజీకి గుర్తింపు వచ్చింది, ఈరోజు ఈ శాలువా వచ్చింది. ఏళ్ళు గడిచిపోయేయి. మరచిపోయేను అనను, మరచిపోయినట్టు ఉండడం అలవాటయింది.

పోయిన నెల ఉమాశంకర్ గారు ఫోన్ చేసి ఈ సభకి వస్తున్నట్టు చెప్తూ, మాటల మధ్యలో ఒక సంగతి చెప్పేరు. ఏడేళ్ళ కిందట వాళ్ళ సంస్థలో పరిశోధనకి ఇంటర్వ్యూలు జరిగేయట. మీ శ్రీకాకుళం అమ్మాయి ఒకావిడ వచ్చిందండీ, తరంగాగ్రం గురించి ఎంత బాగా చెప్పిందో, కానీ తన పేరుతో వచ్చిన వ్యాసం ఏదైనా ఉందా అని అడిగితే లేదంది, సీతారామారావు గారి దగ్గర ఏం చేసేవారంటే అద్దాలు తుడిచేదాన్ని అంది, చూపించడానికి ఏమీ లేక సీటు ఇవ్వలేకపోయేం అన్నారు. ఆయన మామూలుగానే చెప్పేరు. నేను ఫోన్ పెట్టేసి, భాగ్యవతి అన్నానికి పిలుస్తున్నా వినిపించనట్టు కూర్చున్నాను. ఆ ఇంటర్వ్యూ గదిలో ఆ పద్ధతి నాదే అని రాణి చెప్పొచ్చు. చెప్తే, సారు రాసిన వ్యాసం మీద ఒక అమ్మాయి వట్టి మాట. ఎవరు నమ్ముతారు? అందుకే అద్దాలు తుడిచేదాన్ని అంది. నాకు సీటు లాంటివి చాలా వచ్చేయి. ఆ అమ్మాయికి కావలసింది అదొక్కటే, అది నేను తీసుకున్నాను.

రాణి ఇప్పుడు గార దగ్గర హైస్కూల్లో సైన్సు టీచరు. వెళ్ళేను. స్టాఫ్ రూములో కూర్చోబెట్టి స్టీలు గ్లాసుతో మంచినీళ్ళిచ్చింది. నేను వచ్చిన పని చెప్పేను. అంతా విని అంది, "పేరు వెయ్యండి సార్. మీ తృప్తికి కాదు, అది నాది గనక. నాకేటీ సెప్పక్కర్లేదు, నాకు తెలుసు. మా అమ్మకి సెప్పండి, అందరి ముందరా సెప్పండి." అంతే. నన్ను తిట్టలేదు, క్షమించేనని కూడా అనలేదు. ఆరో పీరియడు బెల్లు కొట్టేరు, లేచి క్లాసుకి వెళ్ళిపోయింది. కాంతి పాఠమే.

తిరిగొచ్చి ఆ వ్యాసం వేసిన పత్రికకి ఉత్తరం రాసేను. నోటుబుక్కు పేజీలన్నీ జతచేసేను. వాళ్ళు దిద్దుబాటు వేస్తామన్నారు, మొదటి పేరు రాణిది. ఉమాశంకర్ గారికి ఈ పొద్దున స్టేషన్‌నుంచి వస్తూ దారిలో అంతా చెప్పేను. ఆయన కారు అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఉమాశంకర్ గారూ, ఇప్పుడు అందరి ముందరా అడుగుతున్నాను. మీ కొత్త పరికరంలో ఈ పద్ధతికి నా పేరు పెట్టేరు. అది తీసెయ్యండి. ఎవరి పేరు ఉండాలో మీకు తెలుసు. పరిశోధనకి రాణి ఇంకా రావాలనుకుంటే ఆ తలుపు తెరవండి, వస్తుందో రాదో తన ఇష్టం. (ముఖ్య అతిథి లేచి నిలబడి తల ఊపేరు. చప్పట్లు)

నాకు కొట్టకండి ఆ చప్పట్లు. నేను చేసింది ఎనిమిదేళ్ళు ఆలస్యంగా చేసేను.

పత్రికలో దిద్దుబాటు వస్తే ప్రపంచంలో ఒక రెండువందల మంది చదువుతారు. ఈ ఊళ్ళో ఎవరూ చదవరు. అందుకే ఇక్కడ చెప్తున్నాను. జగ్గమ్మ గారూ, మూడో వరసలో మీ అమ్మాయి పక్కన కూర్చున్నారు, బజారు మానుకుని వచ్చేరు. మీ అమ్మాయి కాలేజీలో ఏం చేసిందని మీరు అడిగేరు. ఆకాశంలో నక్షత్రం పక్కన కనిపించేది నిజంగా ఇంకో లోకమో, మన అద్దం చేసిన మోసమో తేల్చి చెప్పే పద్ధతి మీ అమ్మాయి కనిపెట్టింది. మీ దగ్గర నేర్చుకున్నదాంతో కనిపెట్టింది. నేను దాన్ని నాదని రాసుకున్నాను.

నన్ను భరించిన కాలేజీకి, ఆ రోజు నన్ను ఆపిన గంగరాజుకి, ఈ సంగతి నెల కిందట చెప్తే రెండు రోజులు నాతో మాట్లాడకుండా ఉండి, మూడో రోజు నాతోపాటు గార దాకా వచ్చిన భాగ్యవతికి, ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. ఇంక దిగిపోతాను...

(మూడో వరసలో జగ్గమ్మ గారు లేచి నిలబడ్డారు. పక్కన ఉన్నవాళ్ళు కూర్చోమన్నా కూర్చోలేదు. మైకు లేకుండానే మాట్లాడేరు.)

"ఆ రోజు బజార్లో నాను అడిగితే, శానామంది పిల్లలొస్తారన్నావు. తెలిసే అన్నావా బాబూ?"

(సీతారామారావు గారు మళ్ళీ మైకు దగ్గరికి వచ్చేరు.)

తెలిసే అన్నానమ్మా.

సెలవు.